అమ్మను తూకం వేసిన విమానం

అమ్మా నేనూ నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లొచ్చాం. గుడి, 108 ధారలు, ఆ చన్నీళ్ళకి పళ్ళు టకటకలాడటం, ఇవన్నీ వెళ్లొచ్చినవాళ్ళు ఎలాగూ చెప్తారు. నాకు మాత్రం పోఖరాలో ఎక్కిన ఆ బుల్లి విమానమే గుర్తుండిపోయింది.

ముందు టికెట్ సంగతి. నేపాలీలకి ఒక రేటు, మనకి ఒక రేటు, మిగతా దేశాలవాళ్ళకి డాలర్లలో ఇంకో రేటు. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ దాకా ఇద్దరికీ అయిన స్లీపర్ రైలు ఛార్జీ కంటే, ముక్తినాథ్‌కి వెళ్ళేవాళ్ళు విమానం దిగే ఊరు జోమ్‌సోమ్ దాకా ఇరవై నిమిషాలకే ఎక్కువైంది. జీపులో పోదామంటే అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. కట్టాను, గొణుక్కుంటూనే.

ఎయిర్‌పోర్టులో సంచులతో పాటు మనుషుల్నీ తూస్తామన్నారు. "నేనేమన్నా బియ్యం బస్తానా?" అని అమ్మ మొరాయించింది. చివరికి భుజాన సంచితోనే ఎక్కి, అంకె చూసి, "ఇందులో గోంగూర సీసా ఉందిరా, అది తీసేసి రాసుకోమను" అంది.

ఆరున్నర విమానం. జోమ్‌సోమ్‌లో మబ్బు అని ఎనిమిదిన్నర దాకా కూర్చోబెట్టారు. పొద్దెక్కేకొద్దీ ఆ లోయలో గాలి లేస్తుంది, ఇక ఆ రోజుకి అంతే, అందుకే అందరి కళ్ళూ గడియారం మీదే. ఆ టెన్షన్‌లో ఇడ్లీ ఖరీదు ఉన్న టీ కూడా తాగేశాను.

ట్విన్ ఆటర్, 19 సీట్లు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క రెండు, మా తెనాలి పల్లెవెలుగు బస్సే నయం అనిపించే ఇరుకు. ఎయిర్ హోస్టెస్ పళ్ళెంలో చాక్లెట్లూ, చెవుల్లో పెట్టుకోడానికి దూది ఉండలూ తెచ్చింది. అమ్మ చాక్లెట్ నాకిచ్చేసి, దూది ఇంకో రెండు ఉండలు అడిగి మరీ తీసుకుని కొంగుకి ముడేసుకుంది. ఒత్తులకట.

పైలట్లకీ మనకీ మధ్య తలుపు లేదు. ఆ విమానానికి ఇంజన్ లీవర్లు పైకప్పుకి ఉంటాయి, బయల్దేరేటప్పుడు పైలట్ చెయ్యి పైకెత్తి వాటిని పట్టుకున్నాడు, ఆ చేతి మీద పక్కాయన చెయ్యి. అమ్మ నా చెవిలో అరిచింది: "ఆయనేంట్రా, బస్సులో నిలబడ్డవాడిలా కమ్మీ పట్టుకున్నాడు?"

తర్వాత మాట్లాడలేదు. ఎందుకంటే కిటికీలోంచి కొండల్ని కిందకి కాదు, తలెత్తి చూడాల్సొచ్చింది. ఎడమ పక్క ధవళగిరి 8,167 మీటర్లు, కుడి పక్క అన్నపూర్ణ 8,091, మధ్యలో కాళీ గండకీ లోయలో మేము, ఈగలాగా. అంతకు ముందు ఓ గట్టు దాటేటప్పుడు మేడ మీద ఆరేసిన ఎర్ర దుప్పటి, దాని పక్కన ఎవరో తలెత్తి చూడటం కూడా కనిపించింది. ఒక కుదుపుకి అమ్మ నా మణికట్టు పట్టుకుంది, గాజుల అచ్చు పడింది. నాకూ భయమేసింది కానీ నేను పట్టుకోడానికి ఎవరూ లేరు.

దిగాక చూస్తే రన్‌వే నెత్తిమీదే నీలగిరి మంచుకొండ. అమ్మ వెనక్కి తిరిగి విమానానికి దణ్ణం పెట్టింది.

తిరుగు విమానం గాలికి రద్దయింది. డబ్బు తర్వాతెప్పుడో ఇస్తారట. జీపెక్కాం, పది గంటలు, గుంతలు, డ్రైవర్ పెట్టిన పాటలే మళ్ళీ మళ్ళీ. దారిలో తాతోపానీ అనే ఊరు దాటాక అమ్మ కొంగు ముడి విప్పి, ఒత్తులకని దాచిన దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకుంది.