ఇద్దరు పిల్లల లెక్క: సగమా, మూడో వంతా?

ఇద్దరు పిల్లలున్న ఇల్లు. ఒకరు అమ్మాయని తెలిసింది. రెండోవారూ అమ్మాయే అయ్యే సంభావ్యత ఎంత? గణిత చిక్కుప్రశ్నలకు పేరొందిన అమెరికన్ రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 1959లో వేసిన ఈ చిక్కుప్రశ్నకి సూత్రాలకన్నా ఇళ్లు లెక్కపెట్టడమే మేలు.

విశాఖ ఎంవీపీ కాలనీలో అలాంటివి 400 ఇళ్లు అనుకుందాం. ఆడా మగా సమానమైతే 100 ఇళ్లలో ఇద్దరూ అమ్మాయిలు, 100 ఇళ్లలో ఇద్దరూ అబ్బాయిలు, మిగతా 200 ఇళ్లలో ఒక పాప, ఒక బాబు. ఈ 200ని తగ్గించి రాయడం దగ్గరే చాలామంది తప్పుతారు. అక్కాతమ్ముడు వేరు, అన్నాచెల్లెలు వేరు.

ఎంవీపీ కాలనీలో ఇంటింటికీ వెళ్లి "కనీసం ఒక అమ్మాయి ఉందా?" అని అడిగారనుకోండి. 300 ఇళ్లు అవునంటాయి, వాటిలో 100 ఇళ్లలో ఇద్దరూ అమ్మాయిలే. జవాబు 1/3. అదే ప్రతి తల్లీ చీటీ వేసి ఇద్దరిలో ఒకరినే ఆర్కే బీచ్‌కి తీసుకొస్తే, అమ్మాయితో వచ్చేవాళ్లు 200 మందే: ఇద్దరమ్మాయిల ఇళ్ల నుంచి 100, మిగతా ఇళ్ల నుంచి 100. జవాబు 1/2. సంగతి ఎలా తెలిసిందో చెప్పని ప్రశ్న, నా దృష్టిలో, అసంపూర్ణం.

"మంగళవారం పుట్టిన అమ్మాయి ఉందా?" అని అడిగితే మరీ వింత. ఆడా మగా రెండు, వారాలు ఏడు కాబట్టి ఒక్కో బిడ్డకి 14 రకాలు. మొదటి బిడ్డకి అడ్డంగా 14, రెండో బిడ్డకి నిలువుగా 14, మొత్తం 196 గడులు గీయండి. అవుననేవి 27. వాటిలో ఇద్దరూ అమ్మాయిలైనవి 13; ఇద్దరూ మంగళవారమే పుట్టిన గడిని రెండుసార్లు లెక్కిస్తే పొరపాటున 14 వస్తుంది. జవాబు 13/27.