క్లిప్పుల పళ్ళు, మెడికల్ షాపు గోలీలు

మా నల్లగొండలో టెన్త్, ఇంటర్ పిల్లల పళ్ళకు క్లిప్పులు ఇప్పుడు మామూలైపోయాయి. చిగురు కాస్త వాచినా, పన్ను జివ్వుమన్నా మెడికల్ షాపుకెళ్ళి నాలుగు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ గోలీలు తెచ్చుకోవడం కూడా అంతే మామూలైంది. రెండు రోజులు వేసుకుని, నొప్పి తగ్గగానే మిగిలినవి డబ్బాలో పడేస్తారు. మా అక్క తన కూతురికి ఇదే చేస్తుంటే అడ్డం పడ్డాను. "డాక్టర్ దగ్గరికి పోయినా రాసేది ఇదే గదరా" అంది.

కాదక్కా. పళ్ళు పుచ్చడంలో పెద్ద చెయ్యి స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియాది, దాన్ని 1924లోనే గుర్తించారు. అది మనం తిన్న చక్కెరతో ఆమ్లం తయారుచేస్తుంది, అదే చక్కెరతో జిగురు కూడా చేసుకుని పంటిని పట్టుకుంటుంది. మనం పాచి అనేది ఆ పొరనే. క్లిప్పు బిళ్ళల చుట్టూ, తీగ కింద బ్రష్ సరిగా అందదు కాబట్టి అక్కడ అది హాయిగా పెరుగుతుంది, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే లెక్క, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 5.5 కిందికి దిగితే ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పెంకు, కరగడం మొదలవుతుంది. ఎనామిల్‌కి రక్తనాళాలు లేవు, మింగిన గోలీ రక్తంలోంచి ఆ పాచిలోకి చేరేది అంతంతమాత్రమే. చేరినా, విడిగా తిరిగే బ్యాక్టీరియాను చంపే మోతాదు పొరలో దాక్కున్నదానికి ఏ మూలకూ చాలదు.

అసలు టెన్షన్ ఇక్కడే. అరకొర మందుకు బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. పాచిలో రకరకాల బ్యాక్టీరియా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కదా, చచ్చినవాటి డీఎన్ఏను బతికున్నవి లోపలికి లాక్కోగలవు, మ్యూటన్స్‌కు ఈ విద్య బాగా వచ్చు. అలా మందును తట్టుకునే జన్యువు ఒకదాని నుంచి ఇంకోదానికి పోతుంది. పైగా గోలీ నోటితో ఆగదు, పేగుల్లో ఉన్నవాటి మీదా పడుతుంది. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉందంటే డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని అర్థం, మనవాళ్ళు దాన్ని డిజైన్ అనుకుంటారు! ముఖం వాచినా, చీముతో జ్వరం వచ్చినా యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు, కానీ అది చూసి తేల్చాల్సింది డెంటిస్టు.

మనకు ఇంకో చిక్కుంది. మన జిల్లాలోనే మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ చూసినవాళ్ళం, పేస్టులో ఫ్లోరైడ్ ఉందంటేనే భయం. ఫ్లోరోసిస్ మచ్చలు పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోతే వచ్చేవి. పదిహేనేళ్ళ పిల్ల ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని ఉమ్మేస్తే ఆ మచ్చలు రావు, పైగా కరుగుతున్న ఎనామిల్ గట్టిపడుతుంది. క్లిప్పులు తీశాక బిళ్ళ ఉన్న చోటు చుట్టూ తెల్లటి గీత కనిపిస్తే మాత్రం నీళ్ళను తిట్టకండి, అది పాచి పనే.

అక్కకు ఇదంతా చెప్పి, తీగ కింద దూరే సన్నటి బ్రష్ ఒకటి కొనిచ్చాను. డబ్బాలో మిగిలిన గోలీలు మాత్రం తమ్ముడి దగ్గుకు పనికొస్తాయని ఇంకా దాచే ఉంచింది, దాని గురించి మళ్ళీ గొడవ పడాలి.