నిక్షయ్‌లో నా పేరు

టీబీ అని చెప్పాక డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఆధార్ తెచ్చావా అమ్మా?" అని. పిల్లలకి అంటుకుందేమో, మందులు ఎన్నాళ్లు మింగాలో అని నాకు గుండె దడదడలాడుతుంటే ఈవిడకి ఆధార్ కావాల్సొచ్చింది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, ఎక్కడ పని చేస్తావు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించి ఓ చీటీ మీద నంబర్ రాసిచ్చారు. నిక్షయ్ ఐడీ అట. దేశంలో టీబీ అని తేలిన వాళ్లందరి పేర్లూ ఎక్కే లిస్టు అది, 2012 నుంచి నడుస్తోంది. నాకు పట్టుకున్న టెన్షన్ ఒక్కటే. ఈ పేరు ఎక్కడెక్కడికి పోతుంది? షాపులో తెలిస్తే ఉద్యోగం ఉంటుందా?

నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఓ హోల్‌సేల్ బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను. కింద కౌంటరు, పైన గోడౌను. గోడౌన్ మూలకి అద్దాలతో కట్టిన చిన్న ఏసీ గది నాది. కిటికీ ఉంది గానీ చల్లదనం పోతోందని టేపు వేసి మూసేశారు. బేళ్లు విప్పినప్పుడు లేచే దుమ్ముకీ, గంజి వాసనకీ అక్కడ అందరం ఎప్పుడూ దగ్గుతూనే ఉంటాం. అందుకే దీపావళి దగ్గర మొదలైన దగ్గు కార్తీకం దాటినా పోకపోతే ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటి దగ్గర ప్రైవేటు క్లినిక్‌లో సిరప్ ఇచ్చారు. తగ్గకపోతే ఇంకో పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ రాశారు. దాంతో తేలిగ్గా అనిపించింది, హమ్మయ్య అనుకున్నాం. తర్వాత మళ్లీ మామూలే. ఆ మందు లీవోఫ్లాక్సాసిన్. అది టీబీ క్రిమి మీద కూడా కొంచెం పని చేస్తుందట. పూర్తిగా చంపదు, నొక్కి పెడుతుంది. రోగి బాగుపడ్డట్టు కనిపిస్తాడు, అసలు జబ్బు దొరకడం ఆలస్యమవుతుంది. ఈ సంగతి తర్వాత ప్రభుత్వ డాక్టరమ్మ చెబితే తెలిసింది. కళ్లె పరీక్ష చేయించకుండా ఆ మందు రాయడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఈలోపు సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకి దిండు గలీబు తడిసేది. జాకెట్లన్నీ వదులైపోతే లోపలికి కుట్లు వేయించుకుంటూ సంక్రాంతి సీజన్ నెట్టుకొచ్చాను. మా అత్తయ్య దిష్టి తీసింది. షాపులో అమ్మాయిలు డైటింగా అని అడిగారు.

దీన్ని పసిగట్టింది మాత్రం మా ఆశా అక్క. మా చిన్నదానికి ఐదేళ్ల టీకా వేయించాలని చెప్పడానికి వచ్చింది. నేను లోపల దగ్గుతుంటే విని, "ఎన్నాళ్లయిందమ్మా ఆ దగ్గు?" అంది. రెండు వారాలు దాటితే పరీక్ష చేయించి తీరాల్సిందేనని తన సంచిలోంచి రెండు ప్లాస్టిక్ డబ్బీలు తీసి ఇచ్చింది.

కళ్లె తీయడం కూడా ఓ పనే అని అప్పుడు తెలిసింది. మొదటి డబ్బీలో నేను ఉమ్మింది ఉత్త లాలాజలం. ల్యాబ్ అబ్బాయి వెలుతురుకి ఎత్తి చూసి, "నురుగు వద్దు మేడమ్, చిక్కగా రావాలి" అని వెనక్కిచ్చాడు. గదిలో కాదు, బయట ఆరుబయట నిలబడి, నోరు పుక్కిలించి, రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, పొత్తికడుపు నుంచి దగ్గాలట. ఒక శాంపిల్ అక్కడే ఇచ్చాను. రెండోది మర్నాడు పొద్దున్నే లేవగానే డాబా మీదకెళ్లి తీశాను. పసుపుపచ్చగా, చిక్కగా, మధ్యలో ఎర్రటి దారం లాంటి చార. అది చూశాక నాకు రిజల్ట్ కోసం ఎదురుచూడాల్సిన పని కనిపించలేదు.

ఇదివరకు మైక్రోస్కోప్ కింద చూసేవాళ్లు. మిల్లీలీటరు కళ్లెలో 5,000 నుంచి 10,000 దాకా క్రిములు ఉంటే గానీ అందులో కనిపించవట. ఇప్పుడు ట్రూనాట్ అని చిన్న మిషన్ ఉంది, గోవా కంపెనీ తయారీ. క్రిమి జన్యు పదార్థాన్నే పట్టేస్తుంది. ఉందని తేలితే, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి అది లొంగుతుందో లేదో కూడా అదే చెబుతుంది. నాది లొంగే రకమే అని వచ్చింది. లొంగని రకమైతే మందులు వేరు, కథే వేరు. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అప్పుడే చేశారు. టీబీ వచ్చిన వాళ్లందరికీ చేస్తారట. ఇంట్లో ఈ ముక్క చెప్పలేదు, చెబితే ఇంకో పురాణం మొదలయ్యేది.

అసలే పురాణాలకి కొదవలేదు. మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, గవర్నమెంట్లో ఎందుకు చూపించుకున్నావ్? ప్రైవేట్లో అయితే పేరు ఎక్కదు కదా" అంది. నాకూ అదే అనిపించి డాక్టరమ్మని అడిగాను. ఆవిడ నవ్వింది. ప్రైవేటు డాక్టరైనా టీబీ కేసు చెప్పి తీరాలని 2012లోనే ఆర్డరు వచ్చిందట. 2018లో గెజిట్ ఇచ్చి, చెప్పకపోతే శిక్ష కూడా పడొచ్చన్నారట. మందుల షాపు వాడికి కూడా ఈ మందులు షెడ్యూల్ హెచ్1 కిందకి వస్తాయి, ఎవరు రాశారో ఎవరికిచ్చాడో రిజిస్టర్‌లో రాసుకోవాలి. "ఎక్కడికెళ్లినా నీ పేరు ఎక్కుతుంది. ఇక్కడైతే మందులు ఫ్రీ" అంది.

మా అత్తయ్యది ఇంకో భయం. ఆవిడ పిన్నిని చిన్నప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియంకి పంపారట. నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టి, మంచి గాలి, పాలు, గుడ్లు. అందుకని నన్నూ ఎక్కడికో పంపేస్తారనుకుని మొదటి రోజే నా కంచం, గ్లాసు విడిగా పెట్టేసింది. కంచం వల్ల టీబీ రాదు. ఊపిరితిత్తుల్లో జబ్బున్న మనిషి దగ్గినా, గట్టిగా మాట్లాడినా, పాడినా కంటికి కనిపించని తుంపరలు గాల్లోకి పోతాయి. గాలాడని గదిలో అవి గంటల కొద్దీ తేలుతూ ఉంటాయి, వాటిని పీల్చిన వాళ్లకి అంటుతుంది. ఎండా గాలీ తగిలే చోట అంత తేలిగ్గా అంటదు. అంటిన వాళ్లలోనూ నూటికి ఐదు నుంచి పది మందికే ఎప్పటికైనా జబ్బుగా బయటపడుతుంది. మిగతా వాళ్లలో క్రిమి నిద్రపోతూ ఉంటుంది. సరైన మందులు మొదలుపెట్టాక రెండు వారాల్లోనే అంటించే గుణం చాలా మటుకు పోతుంది.

ఇంట్లో ఉండి మందులు వాడితే ఇంట్లోవాళ్లకి ఎక్కువ అంటుతుందా అన్న ప్రశ్న తేల్చింది మన పక్కనున్న మద్రాసులోనే అని తెలిసి ఆశ్చర్యపోయాను. 1956లో అక్కడ కొంతమంది రోగుల్ని శానిటోరియంలో, కొంతమందిని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకి తిండీ, విశ్రాంతీ అంతంతమాత్రం. అయినా దాదాపు అంతే బాగా నయమైంది, వాళ్ల కుటుంబాలకి అదనంగా జబ్బు అంటుకోలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గిపోయింది. మా అత్తయ్యకి ఇదంతా చెప్పా. "చదువుకున్నదానివి" అని ఊరుకుంది. కంచం మాత్రం రెండు నెలలకి గానీ కలవలేదు.

మందులు రోజూ వేసుకోవాలి. బరువుని బట్టి ఇన్ని బిళ్లలని లెక్క. నేను 50 కిలోలకి తక్కువ కాబట్టి మూడు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన బిళ్ల, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది, అయినా వేసుకుని కాసేపాగి ఇడ్లీ తినేదాన్ని. మొదటిరోజు బాత్రూంలో నారింజ రంగు చూసి హడలిపోయాను. రిఫాంపిసిన్ వల్ల మూత్రం, చెమట, కన్నీళ్లు కూడా ఆ రంగుకి తిరుగుతాయి, ప్రమాదమేమీ లేదు. కళ్లు పచ్చబడినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం వెంటనే రమ్మన్నారు. ఆడవాళ్లకి ఇంకో మాట, ఇది ఎవరూ నోరు తెరిచి చెప్పరు: ఈ మందు వాడుతున్నన్నాళ్లూ గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు. నేను అడిగితేనే నర్సమ్మ చెప్పింది, అదీ గొంతు తగ్గించి.

పోషకాహారానికని నెలకి 1,000 రూపాయల లెక్కన బ్యాంకులో పడతాయి. 2024 నవంబరుకి ముందు 500 ఉండేది. గుడ్లకీ పాలకీ సరిపోతుంది. నిక్షయ్ మిత్ర కింద దాతలు సరుకుల కిట్టు కూడా ఇస్తారన్నారు. ఇచ్చేటప్పుడు ఫొటో ఉంటుందంటే నాకొద్దన్నాను. ఫొటో లేకుండా మా ఆశా అక్క ఇంటికే తెచ్చిచ్చింది. పప్పు, నూనె, పల్లీలు. అడిగితే దారి ఉంటుంది, అడగాలంతే.

ఇక లిస్టు సంగతి. నా పేరు ఎక్కిన వారంలోనే టీబీ సూపర్‌వైజర్ బైక్ మీద ఇంటికొచ్చాడు. నడివయసు మనిషి, చేతిలో ట్యాబ్. ఇల్లంతా చూశాడు. ఎవరెక్కడ పడుకుంటారు, కిటికీలు తీస్తారా, ఎవరికైనా దగ్గుందా, షుగర్ ఉందా అని అడిగి ఒక్కొక్కళ్ల పేరూ రాసుకున్నాడు. మా అత్తయ్యకి షుగర్, అందుకని ఆవిడ ఎక్స్‌రే గురించి మరీ పట్టుబట్టాడు. అందరికీ ఎక్స్‌రేలు తీయించారు. జబ్బు ఎవరికీ లేదు. అయినా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు. చిన్నదానికి రోజూ ఐసోనియాజిడ్, ఆరు నెలలు. మా వారికి, అబ్బాయికి, అత్తయ్యకి వారానికోసారి చొప్పున మూడు నెలలు. ఆదివారం పూట టిఫిన్ ముందు వరసగా కూర్చుని మందులు వేసుకునేవాళ్లు. జబ్బు లేకుండా మందేమిటని మా వారు మొదట గొడవపెట్టారు, నిద్రపోతున్న క్రిమిని లేవకముందే చంపడానికని చెబితే ఒప్పుకున్నారు.

తర్వాత సూపర్‌వైజర్ అడిగాడు, "మేడమ్, షాపులో మీతో ఒకే గదిలో ఎవరెవరు కూర్చుంటారు?"

చెప్పనన్నాను.

"మీ పేరు బయటపెట్టం. షాపుల వాళ్లందరికీ స్క్రీనింగ్ అని పెడతాం, మీ షాపు ఒక్కటే కాదు" అన్నాడు. చివరికి చెప్పాను. గోడౌన్లో బేళ్లు మోసే ఇద్దరు, నా పక్కన బిల్లింగ్ చేసే అమ్మాయి, సాయంత్రం లెక్క చూసుకోవడానికి వచ్చి కూర్చునే సేఠ్ గారు.

అన్నట్టే చేశారు. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషన్ తెచ్చి కాంప్లెక్స్ మెట్ల కింద ఖాళీలో పెట్టి, వరసగా షాపుల వాళ్లని పిలిచారు. నేను సెలవులో ఉన్నాను, బిల్లింగ్ అమ్మాయి ఫోన్లో చెప్పింది. హమాలీ కుర్రాడు ఒకడికి ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. ఇరవై నిండాయో లేదో. దగ్గు లేదు, జ్వరం లేదు, పొద్దున్నే బేళ్లు మోసి వచ్చి నిలబడ్డాడు. కళ్లె ఇప్పిస్తే ట్రూనాట్‌లో పాజిటివ్. దగ్గుందా అని అడిగి వదిలేసి ఉంటే వాడు దొరికేవాడు కాదు. 2019-21లో దేశమంతా చేసిన సర్వేలో తేలిన కేసుల్లో 40 శాతం పైగా ఎక్స్‌రే లేకపోతే తప్పిపోయేవేనట.

వాడి నుంచి నాకా, నా నుంచి వాడికా అన్నది ఎవరూ తేల్చలేదు. నేను అడిగితే సూపర్‌వైజర్, "అది మాకెందుకు మేడమ్, వాడి రూమ్‌లో ఇంకా ఐదుగురు ఉంటున్నారు, మా పని అక్కడుంది" అన్నాడు. అక్షరాలా నిజం. నా పేరు రాసుకోకపోతే వాడి పేరు రాదు, వాడి పేరు రాకపోతే ఆ ఐదుగురి దగ్గరికి ఎవరూ వెళ్లరు. పేరు ఎక్కకుండా ఎలా తప్పించుకోవాలా అని నేను పడిన తాపత్రయం అంతా గుర్తొచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

సేఠ్ గారికి నా సంగతి ఎవరూ చెప్పలేదు గానీ ఊహించారు. మళ్లీ పనిలోకి వెళ్లేసరికి నా టేబుల్ మెట్ల దగ్గరికి జరిపి ఉంది. టీ నాకు పేపర్ కప్పులో, మిగతా వాళ్లకి గాజు గ్లాసుల్లో. చిన్నతనంగానే అనిపించింది. అంటించే గుణం పోయిందని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపిస్తే చదివి జేబులో పెట్టుకున్నారు, మాట్లాడలేదు. కానీ గోడౌన్ కిటికీలకి టేపు తీయించారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు. మెట్ల దగ్గర గాలి బాగుందని నేనే టేబుల్ వెనక్కి జరపమనలేదు.

రెండు నెలలకి కళ్లె పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. చాలామంది అక్కడే మానేస్తారట, ఒళ్లు తేలిగ్గా ఉంటుంది కాబట్టి. మానేస్తే మిగిలిన క్రిములు మందుకి లొంగని రకంగా తయారవుతాయి. నాకు మానే అవకాశం ఎక్కడిది? ఒక్కరోజు మందులకి వెళ్లడం ఆలస్యమైతే ఆశా అక్క ఫోను, నేను ఎత్తకపోతే మా వారికి ఫోను. జులైలో కోర్సు పూర్తయ్యింది. చివరి కళ్లె కూడా నెగెటివ్. నిక్షయ్‌లో నా పేరు పక్కన 'క్యూర్డ్' అని పెట్టారు. అప్పటికి ఆ కుర్రాడిది ఇంకా నడుస్తోంది, బరువు పెరిగి బిళ్లలు ఒకటి ఎక్కువయ్యాయని నవ్వుతూ చెప్పాడు.

పూర్తయినా వదలరు. రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి పిలుస్తారు, మళ్లీ వచ్చిందేమో చూడ్డానికి. మొదటిసారి సరిగ్గా సంక్రాంతి సీజన్లో పిలిస్తే పర్మిషన్ పెట్టి వెళ్లొచ్చాను. రెండోది ఆషాఢం డిస్కౌంట్లలో పడుతోంది, అప్పుడు షాపులో కాలు పెట్టే సందు ఉండదు. సేఠ్ గారికి ఇప్పుడే చెప్పి ఉంచాలి.