రాతిలో తెల్ల చారలు

ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తూ కూర్చున్నా. నల్లటి రాయి. దాని మీద సన్నగా, వంకరటింకరగా తెల్లటి చారలు. అంతే.

ఆ చారల్లోనే దాదాపు 12 కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవుల ఆనవాళ్లు దొరికాయి!

స్పెయిన్, పోర్చుగల్ తీరానికి ఆవల, సముద్రపు అడుగు నుంచి ఇంకా 760 మీటర్ల కింద ఉన్న రాయి అది. 1993లో డ్రిల్లింగ్ చేసి తీశారు. లోపల ఏముందో 2015లో గానీ బయటపడలేదు. ఇరవై ఏళ్లకు పైగా అలా పడి ఉంది పాపం, అంత కథ కడుపులో పెట్టుకుని.

నన్ను కదిలించింది మాత్రం వాటి తిండి సంగతి. ఎండ పొడ కూడా సోకని చోటు. ఒకప్పుడు భూమి పైపెంకు కింద ఉండే మాంటిల్ అనే పొరలో ఉన్న రాయి పైకొచ్చి సముద్రపు నీటిని తాకితే, రసాయన చర్య జరిగి హైడ్రోజన్ పుడుతుంది. అదే వాటికి ఆధారం! రాయీ నీళ్లూ కలిస్తే చాలు, బతుకు సాగిపోయింది.

తర్వాత అవి బతికిన రాతి పగుళ్లలో ఖనిజాలు పేరుకుని మూసుకుపోయాయి. ఈ తెల్ల చారలు అవే. కొవ్వులు, ప్రొటీన్ల జాడలు లోపలే ఉండిపోయాయి. డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు.

ఇందాక మళ్లీ ఫొటో తెరిచా. ఒక చార మధ్యలో రెండుగా చీలింది. వెంట్రుకంత సందు. సరిగ్గా అక్కడ ఎన్ని బతికి ఉంటాయో అని ఇంకా చూస్తూనే ఉన్నా.