ఆరుగురు పిల్లలు, ఆరు బంతులు

బుధవారం. సాయంత్రం ఫుట్‌బాల్ ప్రాక్టీసు. ఏడేళ్ల పిల్లలు, గంటలోపే ముగించాలి. ఆ తర్వాత ఏం చెప్పినా గడ్డి పీకుతూ వింటారు.

సంచిలో మూడో సైజు బంతులు ఆరు, అంటే తలకొకటి. కోన్లు 20, జట్లు తెలియడానికి చొక్కా మీద వేసుకునే రెండు రంగుల బిబ్‌లు, గాలి పంపు, దానికి రెండు సూదులు. ఒక్క సూదే ఉంటే అది విరగడానికి సరిగ్గా మ్యాచ్ రోజే చూసుకుంటుంది. సూదిని తడిపి గుచ్చాలి. పొడిగా గుచ్చితే వాల్వు దెబ్బతిని, రాత్రికి రాత్రి బంతి మెత్తబడుతుంది.

మూడో సైజు ఎందుకంటే, దాని చుట్టుకొలత సుమారు 60 సెంటీమీటర్లు. పెద్దవాళ్ల ఐదో సైజు బంతిది దాదాపు 70. ఇంట్లో అక్కదో అన్నదో పెద్ద బంతి పడి ఉంది కదా అని చిన్నవాళ్లకిస్తే, ఆ బరువుకి పాదం లోపలి వైపుతో తన్నడం మానేసి బొటనవేలితో పొడవడం మొదలుపెడతారు. ఆ అలవాటు ఒక పట్టాన పోదు.

వరసలో నిలబెట్టి ఒక్కొక్కరిచేత తన్నించడం చూడ్డానికి క్రమశిక్షణగానే ఉంటుంది. లెక్కవేస్తే తెలుస్తుంది దాని సంగతి. ఒక్కో వంతుకి 20 సెకన్లనుకుంటే, పది నిమిషాల్లో ఒక్కో పిల్లకి వచ్చేవి అయిదు వంతులే. మిగతా సమయమంతా ముందువాళ్ల చొక్కా లాగడమే. అందుకే 15 అంగల చదరం గీసి, అందరినీ బంతులతో సహా అందులోకి వదలాలి. విజిల్ వేస్తే అరికాలితో బంతిని ఆపాలి. కాసేపయ్యాక తన బంతిని కాపాడుకుంటూనే పక్కవాడి బంతిని చదరం బయటికి తన్నాలి. బంతి పోయినవాళ్లని కూర్చోబెట్టకూడదు. ముందుగా బయటికొచ్చేది ఎక్కువ సాధన కావలసిన పిల్లలే మరి. తెచ్చుకుని మళ్లీ లోపలికి రమ్మనాలి.

పాస్ నేర్పేటప్పుడు చూడాల్సింది తన్నే కాలిని కాదు, ఆనించే కాలిని. అది బంతి పక్కనే, జానెడు దూరంలో, వేళ్లు పాస్ వెళ్లాల్సిన వైపుకి ఉండాలి. వెనకబడితే ఒళ్లు వెనక్కి వాలి బంతి గాల్లోకి లేస్తుంది. తన్నే కాలి చీలమండ వదులుగా ఉంటే పాస్ నీరసంగా పక్కకి జారుతుంది. రెండు తప్పులూ కనిపించినా ఒక్కటే చెప్పాలి, రెండోది వచ్చేవారానికి. తలతో కొట్టడం మాత్రం అసలు వద్దు. పదేళ్లు, ఆ లోపు పిల్లలకి అమెరికా సాకర్ సమాఖ్య 2015లోనే దాన్ని ఆపించింది.

ఆటలోకి దిగాక అందరూ బెల్లం చుట్టూ ఈగల్లా బంతి చుట్టే. 'దూరం జరగండి' అని గొంతు చించుకుని లాభం లేదు, ఆ వయసుకి బంతి ఎక్కడుంటే ఆటంతా అక్కడే. ఒక్కో వైపు మూలకొకటి చొప్పున రెండేసి చిన్న గోల్‌లు పెడితే పని జరుగుతుంది. ఒకదాని ముందు గుంపు చేరగానే రెండోది ఖాళీగా ఉందని ఎవరో ఒకరు కనిపెడతారు.

ఇవన్నీ తేలికే. సొంత పిల్లకి కోచ్‌గా ఉండటమే కష్టం. చేసి చూపించడానికి ప్రతిసారీ తననే పిలవబుద్ధేస్తుంది, తిట్టడానికీ తనే ముందు గుర్తొస్తుంది. తన తప్పులు దిద్దే పని తోటి కోచ్‌కి అప్పగించి, బదులుగా వాళ్ల పిల్లాణ్ణి మనం చూసుకోవడం మంచి ఒప్పందం. ఇంటికి వెళ్లే దారిలో తను ఎత్తితే తప్ప ఆట మాట ఎత్తకూడదు.

ఎవరెంతసేపు ఆడతారన్నది మ్యాచ్ వేడిలో కాక కాగితం మీద ముందే తేల్చాలి. మైదానంలో నలుగురు, జట్టులో ఆరుగురు, ఆట 10 నిమిషాల పావులు నాలుగు. మొత్తం 16 వంతులు. నలుగురికి మూడేసి, ఇద్దరికి రెండేసి. ఆ ఇద్దరూ వారం వారం మారితే మూడు మ్యాచ్‌లయ్యేసరికి అందరికీ సరిగ్గా 80 నిమిషాలు. ఏ తల్లిదండ్రులడిగినా కాగితం చేతిలో పెడితే సరి.

శనివారం రెండు పావులే ఆడేవాళ్లలో మా చిన్నదాని పేరుంది. ఈ రాత్రి పడుకునేలోపే చెప్పాలి, మైదానంలో అందరి ముందూ కాదు.