వదిన ఫోన్ చేసింది

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం వదిన అన్నమాట చెవిలో తిరుగుతూనే ఉంది. "అలబామాలో ఇంకెన్నాళ్ళు? పిల్ల పెద్దదవుతోంది. ఆ రేసిస్టుల మధ్య ఎందుకు, న్యూజెర్సీలో మా ఎడిసన్ వచ్చేయండి." ప్రేమతోనే అంది. ఈయన నవ్వి ఊరుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

1987లో బొట్టు పెట్టుకునేవాళ్ళ మీద పగబట్టిన డాట్‌బస్టర్స్ ముఠా వదిన ఉండే న్యూజెర్సీదే. 1974లో నల్లపిల్లల స్కూలు బస్సుల మీద రాళ్ళు పడింది బోస్టన్‌లో. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ తలకి రాయి తగిలింది షికాగోలో. ఇవేవీ ఎవరికీ గుర్తుండవు. రేసిజం అనగానే అందరి వేలూ అలబామా లాంటి దక్షిణాది రాష్ట్రాల వైపే.

అమ్మ వచ్చినప్పుడు ఇక్కడి బర్మింగ్‌హామ్‌లో కెల్లీ ఇన్‌గ్రమ్ పార్కుకి వెళ్ళాం కదా. మోకాళ్ళు నొప్పంటూ అమ్మ బెంచీ మీద కూలబడింది. పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ. ఇద్దరి మధ్యా మాటలు చేరవేసే పని నాది. 1963 మేలో, స్కూలుపిల్లగా, ఆవిడ అక్కడే నల్లవాళ్ళ హక్కుల ఊరేగింపు మీద వదిలిన ఫైరింజన్ నీళ్ళ దెబ్బకి కింద పడిందట. పెళ్ళయ్యాక డెట్రాయిట్ వెళ్ళి, రిటైరయ్యాక తిరిగొచ్చేసింది. అంత పెద్ద ఊరు వదిలి ఎందుకొచ్చారో అడగమంది అమ్మ. "అక్కడ తెల్లవాళ్ళకే అని ఎవరూ బోర్డు పెట్టరు. ఇల్లు అద్దెకి అడిగితే మాత్రం ఇప్పుడే ఇచ్చేశాం అనేవాళ్ళు" అంది. "మా ఊళ్ళోనూ కొందరికి అలాగే చెప్తారని అను" అంది అమ్మ. చెప్పాను. ఆవిడ చాలాసేపు అమ్మ చెయ్యి వదల్లేదు. తర్వాత జంతికలు తిన్నారు ఇద్దరూ.

పైన రాసింది మళ్ళీ చదివితే వదిన మీద వాదన గెలవడానికి రాసినట్టుంది. షికాగోలో రాళ్ళు పడ్డాయని ఇక్కడి లెక్క తీరిపోదు. ఆ పార్కుకి ఎదురుగా ఉన్న చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలని చంపింది 1963లో. చివరి దోషికి శిక్ష పడింది 2002లో. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పెళ్ళి చేసుకోకూడదన్న చట్టాలని సుప్రీంకోర్టు 1967లో కొట్టేస్తే, అలబామా తన రాజ్యాంగంలోంచి ఆ మాట తీసేసింది 2000లో. అప్పుడు కూడా నూటికి నలభైమంది తీయొద్దనే ఓటేశారు. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఇక్కడే ఉండి ఉంటారు. వదిన భయం ఊరికే పుట్టలేదు. పిల్ల విషయంలో ఆ భయం నాకూ ఉంది.

అయినా వదిన మాట నాకు మింగుడుపడటం లేదు. అలబామా అంటే రేసిస్టులు అనేస్తే, ఇక్కడి నల్లవాళ్ళు అలబామావాళ్ళు కాకుండా పోతారు. బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ పుట్టింది ఇక్కడి టస్కీగీలో. హక్కుల ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ పుట్టింది ఇక్కడి ట్రాయ్ దగ్గర. బస్సుల్లో వివక్షకి నిరసనగా మాంట్‌గోమరీలో ఏడాది పైన బస్సు ఎక్కకుండా పనులకి నడిచి వెళ్ళిన ఆడవాళ్ళూ ఇక్కడివాళ్ళే. 2000లో తీసేయమని ఓటేసిన మిగతా అరవైమందీ ఇక్కడివాళ్ళే. వాళ్ళని వదిలేసి ఇక్కడేదీ మారదని ఎవరన్నా నాకు కోపం వస్తుంది. టైం రెండు దాటింది, ఇంకా తగ్గలేదు.