తూర్పు ముఖం ఇల్లు

2008 నవంబర్ 5, బుధవారం
ఆల్ఫరెట్టా, జార్జియా

పొద్దున్నే పేపర్ కోసం నాలుగు గ్యాస్ స్టేషన్లు తిరిగాను. ఈ దేశం వచ్చి ఏడేళ్ళయింది, డబ్బులు పెట్టి పేపర్ కొన్న పాపాన పోలేదు. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే ఆవిడ సోమవారమే చెప్పి పెట్టింది: "నువ్వు పైనుంచి వస్తావు కదా, ఎలక్షన్లో ఎవరు గెలిచినా బుధవారం నాకో పేపర్ పట్టుకురా. మా వైపు ఆరింటికల్లా ఒక్కటి మిగలదు." పైనుంచి అంటే అట్లాంటాకి ఉత్తరాన మేముండే వైపు. ఆవిడ ఉండేది కింద, డికేటర్ దాటాక. ఆఫీసేమో మధ్యలో, పెరిమీటర్ దగ్గర. ఈ ఊరి మ్యాప్‌లో పైకి వెళ్ళేకొద్దీ మనుషులు తెల్లబడతారని ఇక్కడికొచ్చిన మొదటి నెలలోనే అందరికీ తెలిసిపోతుంది. పైకి మాత్రం ఎవరూ అలా అనరు. "మంచి ఏరియా" అంటారు.

మొదటి మూడు చోట్లా స్టాండ్ ఖాళీ. నాలుగో చోట కౌంటర్ దగ్గరున్న గుజరాతీ పెద్దాయన నా మొహం చూసి, లాటరీ టికెట్ల కింద దాచిన రెండు కాపీలు తీశాడు. "ఇవే ఆఖరు, బేన్" అన్నాడు. ఒకటి ఆవిడకి. రెండోది నాకెందుకో తెలీదు, అదీ కొనేశాను.

రాత్రి సరిగ్గా పదకొండుకి ఒబామా గెలిచాడని టీవీలో వేశారు. మా ఆయనకి పొద్దున ఆరింటికి కాల్ ఉందని ముందే పడుకున్నాడు. పాప సోఫాలో నిద్రపోయింది. సౌండ్ తగ్గించుకుని నేనొక్కదాన్నే చూశాను. ముందు ఫీనిక్స్‌లో ఓడిపోయిన మెకెయిన్ మాట్లాడాడు. వందేళ్ళ కిందట ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ నల్లవాళ్ళ నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌ని వైట్‌హౌస్‌కి భోజనానికి పిలిస్తే దేశంలో చాలామంది ఎలా మండిపడ్డారో గుర్తు చేశాడు. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారని గొడవ! అది అర్థం కావడానికి మనవాళ్ళకి పుస్తకాలేం అక్కర్లేదు. కింద జనం మధ్యమధ్యలో బూ అంటుంటే ఆయన చేతులెత్తి ఆపాడు. ఓడిన రాత్రి అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషిని చూసి ముచ్చటేసింది.

తర్వాత షికాగో, గ్రాంట్ పార్కు. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన జెస్సీ జాక్సన్ గుంపులో నిలబడి ఏడుస్తున్నాడు. ఒబామా తన ప్రసంగంలో మా అట్లాంటా ముసలావిడ గురించి చెప్పాడు. ఆన్ నిక్సన్ కూపర్, 106 ఏళ్ళు. ఆడది అయినందుకు ఒకసారి, ఒంటి రంగుకి ఇంకోసారి ఓటు లేదన్న కాలంలో పుట్టిన మనిషి, ఈసారి స్క్రీన్ మీద వేలు తాకించి ఓటేసింది. అది విన్నప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. నాకిక్కడ ఓటు లేదు, గ్రీన్ కార్డు ఎప్పటికొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అయినా ఎందుకో ఏడుపొచ్చింది.

ఆఫీసులో మాత్రం ఏమీ జరగనట్టే ఉంది. జార్జియాలో గెలిచింది మెకెయిన్ కదా. ఓటేసి వచ్చినవాళ్ళని అడిగి టీవీ వాళ్ళు తీసిన లెక్క ప్రకారం ఇక్కడ తెల్లవాళ్ళలో ఒబామాకి వేసింది నూటికి 23 మంది, నల్లవాళ్ళలో 98 మంది. అందరం ఒకే కాఫీ మెషీన్ దగ్గర నిలబడతాం, ఒకే ఫుట్‌బాల్ టీమ్ గురించి మాట్లాడతాం. ఆ లెక్క చూశాక పక్క క్యూబికల్ మనిషి నవ్వినా అందులో ఏముందోనని వెతకడం మొదలుపెట్టాను. ఒకాయన మధ్యాహ్నం తుపాకుల షాపుకి వెళ్తున్నానని చెప్పాడు, కొత్తాయన వచ్చి అమ్మకాలు ఆపేసేలోపు కొనుక్కోవాలట. జోకేమో అనుకున్నా. కాదు, నిజంగానే వెళ్ళాడు.

మా మేనేజర్ మంచివాడే. నేరుగా టెస్టింగ్ ఆవిడ డెస్క్ దగ్గరికొచ్చి "కంగ్రాచ్యులేషన్స్" అని చెయ్యి కలిపాడు, వాళ్ళింట్లో పెళ్ళయినట్టు. ఆవిడ నవ్వి "మీకు కూడా" అంది. ఆయనకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత నా వైపు తిరిగి నాకూ చెప్పాడు. నేను థ్యాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీడం లేదు.

లంచ్‌లో మన బల్ల. ఐదుగురం తెలుగువాళ్ళం, ఐదు డబ్బాలు, మైక్రోవేవ్ దగ్గర పప్పు వాసన. అవుట్‌సోర్సింగ్ కంపెనీల మీద పన్ను వేస్తాడా, హెచ్1బి తగ్గిస్తాడా, లేఆఫ్‌లు ఆగుతాయా అన్నవే కబుర్లు. సెప్టెంబర్‌లో లేమన్ బ్యాంకు పడిపోయినప్పటి నుంచి అందరికీ ఒకటే టెన్షన్, తప్పు పట్టలేం. మధ్యలో ఒకతను "ఇక నల్లోళ్ళకి పట్టపగ్గాలుండవు చూడండి" అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఇంకొకతను "మనకెందుకు బాబూ, మనం మెరిట్‌తో వచ్చాం, ఎవరుంటే మనకేంటి" అన్నాడు. నేను పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు. అంటే రేపు మళ్ళీ ఇదే బల్ల దగ్గర కూర్చోవాలి కదా.

మూడింటికి ఆవిడ డెస్క్ దగ్గరికెళ్ళి పేపర్ ఇచ్చాను. మడత పెట్టకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుంది. మెడలో ఐడీ కార్డు మీద ఓటేసినవాళ్ళకి ఇచ్చే పీచ్ పండు స్టిక్కర్ అంటించి ఉంది. అక్టోబర్‌లోనే, ఎర్లీ ఓటింగ్‌లో, మడత కుర్చీ పట్టుకెళ్ళి వాళ్ళమ్మతో ఆరు గంటలు లైన్లో ఉన్నారట. ఇన్ని రోజులకి అంచులు లేచిపోతుంటే పైన సెల్లోటేప్ వేసింది. వాళ్ళమ్మకి 84. దక్షిణ జార్జియాలో ఏదో పల్లె. ఓటు రాయించుకోవడానికి వెళితే పరీక్ష పెట్టేవారట, తెల్ల క్లర్కు తప్పంటే తప్పే. టీచర్ ఉద్యోగం చేసే మనిషి రెండుసార్లు తప్పిందట.

"1965లో చట్టం వచ్చాకే అమ్మకి ఓటు. ఆ ఏడాదే మీకూ తలుపు తీశారు, తెలుసా?" అంది. తెలీదు. వచ్చి వెతికి చూశాను. ఓటు హక్కు చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం ఆగస్టు 6న, ఏ దేశం నుంచి ఎంతమంది రావాలో పుట్టుకని బట్టి కోటా కట్టే పాత పద్ధతిని తీసేసిన చట్టం మీద అక్టోబర్ 3న. రెండు నెలలు కూడా తేడా లేదు. అంతకుముందు మన దేశానికి ఏడాదికి వంద మందే కోటా. నూరు! ఇప్పుడు మా సబ్‌వే షాపు లైన్లోనే అంతమంది ఉంటారు. ఆ ఓటు హక్కు కోసమే ఊరేగింపుగా వెళ్ళి, అలబామాలో సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీలకి తల పగిలినవాళ్ళలో ఒకాయన, జాన్ లూయిస్, ఇవాళ అట్లాంటా నుంచి కాంగ్రెస్‌లో ఉన్నాడు. లంచ్ బల్ల దగ్గర మనవాడి మెరిట్ గుర్తొచ్చింది.

అక్కడితో లేచి వచ్చేస్తే ఈ రోజు గురించి ఇంత రాసేదాన్ని కాదు. "ఇల్లు కొంటున్నామన్నావు, ఎక్కడ?" అని అడిగింది. కమింగ్‌లో అన్నాను, ఫోర్సైత్ కౌంటీ. శనివారం రెండోసారి చూడ్డానికి వెళ్తున్నాం అని, నాలుగు బెడ్‌రూములు, బేస్‌మెంట్, స్కూలుకి టాప్ రేటింగ్, రేట్లు పడిపోయి బిల్డర్ క్లోజింగ్ ఖర్చులు కూడా తనే పెట్టుకుంటానంటున్నాడు అని గడగడా చెప్పుకుపోయాను. ఆవిడ వింటూ స్టిక్కర్ మీద టేపుని బొటనవేలితో నొక్కుతోంది.

"మా నాన్న ఫర్నిచర్ షాపు ట్రక్కు నడిపేవాడు. ఆ కౌంటీ మీదుగా వెళ్ళాల్సి వస్తే ఇక్కడే ట్యాంకు నింపుకునేవాడు. అక్కడ ఆగకూడదు. పొద్దు గూకేలోపు దాటెయ్యాలి" అంది.

1912 సెప్టెంబర్‌లో అక్కడ ఒక తెల్ల అమ్మాయి మీద దాడి జరిగింది, ఆ పిల్ల చనిపోయింది. జైల్లో ఉన్న ఒక నల్ల మనిషిని గుంపు బయటికి లాగి చంపి కమింగ్ ఊరి మధ్యలో వేలాడదీసింది. ఇంకా ఇరవై కూడా నిండని ఇద్దరు కుర్రాళ్ళకి ఒక్కో రోజులో విచారణ తేల్చి, అక్టోబర్‌లో ఉరి వేశారు. ఆ తర్వాత రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి ఇళ్ళకీ చర్చిలకీ నిప్పు పెట్టడం. కౌంటీలో సుమారు 1,100 మంది నల్లవాళ్ళు ఉండేవాళ్ళు. కొన్ని వారాల్లో దాదాపు అందరూ వెళ్ళిపోయారు. పొలాలు కొందరు వచ్చినకాడికి అమ్ముకున్నారు, కొందరు అలాగే వదిలేశారు. వదిలేసినవి ఎవరివయ్యాయో వేరే చెప్పాలా. తర్వాత డెబ్భై ఏళ్ళ పైన అక్కడ నల్లవాళ్ళు లేనట్టే.

ఇదేదో తాతల కాలం సంగతి అనుకుంటానని కాబోలు, 1987 కూడా చెప్పింది. జనవరిలో పౌర హక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ కొద్దిమందిని వెంటేసుకుని అక్కడ ఊరేగింపుకి వెళితే రాళ్ళూ సీసాలూ విసిరి తరిమారు. వారం తర్వాత, 24న, ఇరవై వేల మంది వెళ్ళారు. రోడ్డుకి రెండువైపులా నేషనల్ గార్డ్ సైనికులు. ఈవిడా వెళ్ళింది, అట్లాంటా నుంచి బస్సులో. "చలికి కాళ్ళు తెలీలేదు. పక్కన గట్టు మీద ఒకతను కొడుకుని భుజాన ఎక్కించుకుని ఉన్నాడు. నాలుగేళ్ళుంటాయి పిల్లాడికి. వాడు నన్ను చూసి టాటా చెప్పాడు. వాళ్ళ నాన్న వాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగేశాడు." ఒక్క నిమిషం ఆగి, "ఇప్పుడు మారిపోయిందిలే హనీ. స్కూళ్ళు మంచివే. కొనుక్కో" అంది.

కొనుక్కో అన్నాక నేనేం అనాలి.

ఇంటికొస్తూ ఫోర్ హండ్రెడ్ హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. రెండో పేపర్ పక్క సీట్లో, పైన ఒబామా ఫొటో. ఇల్లు చూసేటప్పుడు మేమడిగినవన్నీ గుర్తొచ్చాయి. ఏ వైపు ముఖం, ఈశాన్యం కోసుకుపోయిందా, వీధిపోటు ఉందా, వెనక పవర్ లైన్లు ఉన్నాయా, బస్ స్టాప్ ఎంత దూరం, చుట్టుపక్కల దేశీలు ఎన్ని ఇళ్ళు. ఏజెంట్‌ని అరవై ప్రశ్నలు అడిగి ఉంటాం.

చీరాల గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి తలుచుకోలేదు దాన్ని. 1985 జులై, నేను ఆరో క్లాసు. కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవలో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళంతా పరుగెత్తుకుని చీరాల వచ్చి శిబిరం వేసుకున్నారు. మళ్ళీ ఆ ఊరు వెళ్ళేది లేదన్నారు, చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. మా పెద్దమ్మ వాళ్ళది కారంచేడే. చంపినవాళ్ళ వైపు. ఆ నెలంతా మా ఇంట్లో పెద్దవాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకుని మాట్లాడుకునేవారు. మమ్మల్ని అటు వెళ్ళొద్దన్నారు. రిక్షా మాత్రం అటునుంచే వెళ్ళేది. ఒకరోజు కుళాయి దగ్గర నా వయసు పిల్ల సత్తు బిందెలో నీళ్ళు పడుతోంది, ఒక పక్క సొట్ట పడిన బిందె. ఆ పిల్లే తర్వాత మా స్కూల్లో చేరింది. వెనక బెంచీ. రెండేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం. మీదే ఊరు అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. తెలుసు కాబట్టి అడగలేదు.

అట్లాంటాలో నాకు తెలీదు కాబట్టి అడగలేదు అనుకోవాలేమో. నిజంగా అంతేనా?

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. పూర్తిగా విన్నాడు. "వందేళ్ళ కిందటి సంగతికి మనమేం చేస్తాం, వాళ్ళు రాని చోటుకి మనల్ని రానిస్తున్నారంటే మంచిదేగా" అన్నాడు. అంటూనే ఆ మాట తనకే నచ్చనట్టు ప్లేటు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. నిన్నటి లెక్కల్లో ఫోర్సైత్ చూశాను, నాలుగింట మూడు వంతులకి పైగా మెకెయిన్‌కే. దాన్నిబట్టి ఎవరినీ చెడ్డవాళ్ళనలేను, మా ఏజెంట్ కూడా మెకెయిన్‌కే వేసి ఉంటుంది, పాపకి బొమ్మ కూడా కొనిచ్చింది.

తొమ్మిదిన్నరకి అమ్మ ఫోన్. అక్కడ పొద్దున ఎనిమిది. "నల్లాయన గెలిచాడంటగా, మన ఈటీవీలో ఒకటే చూపిస్తున్నారు. పాపం, ఎన్ని పడి పైకొచ్చాడో" అంది. అమ్మ గొంతులో నిజమైన సంతోషం. అందుకే ధైర్యం చేసి అడిగాను, "అమ్మా, శిబిరం నుంచి వచ్చి మా క్లాసులో చేరిన పిల్ల గుర్తుందా? ఇప్పుడు ఎక్కడుందో ఏమైనా తెలుసా?"

అవతల కుక్కర్ కూత వినిపించింది. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇప్పుడెందుకే అవన్నీ" అంది. తర్వాత, "శనివారం వెళ్తున్నారుగా, ఇల్లు తూర్పు ముఖమే కదా?"

"తూర్పేనమ్మా" అన్నాను.